రెండద్దాల వెనక మా బావ

కొత్తగా కెమెరా కొన్న పిల్లలు నా దగ్గరికి వచ్చి మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, లెన్సు ముందర ఆ రక్షణ ఫిల్టరు పెట్టాల్నా, వద్దా?" వెలుతురు ఎటునుంచి పడితే బాగుంటుందని అడగరు. ఎదుటి మనిషిని ఎట్లా నిలబెట్టాలని అడగరు. కెమెరా ఇంటికి తెచ్చుకుని వారం కాకముందే దానికెక్కడ గీత పడుతుందోనని కంటి మీద కునుకు లేని బాపతు వీళ్ళంతా. నాకు చిర్రెత్తుకొస్తుంది. కానీ గట్టిగా ఒక మాట అనలేను. ఎందుకంటే నా చేతికి వచ్చిన మొదటి కెమెరాకు అట్లాంటి ఫిల్టరు అద్దాలు ఒకటి కాదు, రెండుండేవి. అవి పెట్టించింది మా బావ.

మా బావ అంటే మా అక్క భర్త. జనగామలో కిరాణా దుకాణం. నేను డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం రాక, అక్క వాళ్ళింట్లో తింటూ, దుకాణంలో చక్కెర పొట్లాలు కడుతూ ఉన్న కాలం అది. తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. రోజు విడిచి రోజు బందు. బందు లేని రోజు ర్యాలీ. రెండూ లేని రోజు ఏమీ తోచక జనం రోడ్డు మీదికి వచ్చి ఇవాళ ఏముందని ఒకరినొకరు అడిగేవాళ్ళు.

బావ గురించి ముందు ఒక సంగతి చెప్పాలి. ఆయనకు వస్తువు కంటే దాని మీది కవరంటే ప్రాణం. టీవీ రిమోటు కొన్ననాడే పాలిథిన్ సంచిలో దూరి రబ్బరు బ్యాండు కట్టించుకుంది. ఆ కవరు పచ్చబడి, జిడ్డుపట్టి, లోపలి నంబర్లు ఏవేమిటో మా వేళ్ళకే తెలుసు, కళ్ళకు తెలియదు. స్కూటరు సీటుకు కంపెనీ వాళ్ళిచ్చిన ప్లాస్టిక్కు, దాని మీద రెగ్జిను, దాని మీద తువ్వాల. మిక్సీ పచ్చడి చేసిన ప్రతిసారీ మళ్ళీ అట్టపెట్టెలోకి, థర్మకోలు మధ్యకి పోవలసిందే. ఇక సోఫా. అది ఏ రంగుదని ఎవరైనా అడిగితే అక్క ఎరుపంటుంది, బావ కాఫీ రంగంటాడు. కవరెత్తి చూస్తే తేలిపోతుంది కదా అని నేను ఒకసారి అన్నాను. ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు.

ఇంత భద్రంగా బతికే మనిషి పెద్ద కెమెరా ఎందుకు కొన్నాడంటే, దానికి కారణం మా దుకాణం ముందరి బల్ల. ఆ బల్ల మీద రోజూ పొద్దున్నే ఒక రిటైర్డు సారు వచ్చి కూర్చునేవాడు. మా పేపరు మా కంటే ముందు చదివేవాడు. ఏమీ కొనేవాడు కాదు. ఒకనాడు పేపరులో ర్యాలీ ఫోటో వేలితో పొడిచి చూపిస్తూ అన్నాడు, "గీండ్ల లాయర్లున్నరు, పంతుళ్ళున్నరు, ఆటోలోళ్ళున్నరు. మీ షావుకార్లు ఒక్కడన్న కనవడుతున్నడా? బందనంగనే షట్టర్ గుంజి ఇంట్ల పండుకుంటరు. గదేం ఉద్యమమయ్యా?"

అది అబద్ధం. బావ ఒక్క బందుకు కూడా ఇంట్లో పడుకోలేదు. షట్టరు వేసి నేరుగా రోడ్డు మీదికే పోయేవాడు. రైలు పట్టాల మీద కూర్చుని ఎండకు చెవులు కాల్చుకున్నాడు. అల్లం, పచ్చిమిర్చి కుళ్ళిపోతుంటే అక్క నోరు చేసుకున్నా వినిపించుకోలేదు. కానీ పేపరు వాళ్ళు ఎప్పుడూ నడుమ నిలబడ్డ నాయకులనే తీసేవాళ్ళు. బావ ఎప్పుడూ ఒక చివరనుండేవాడు. సారు ఆ మాట అన్న రోజు బావ అన్నం సరిగా తినలేదు. "నేను పోయినట్టు ఒక్క ఫోటో లేదు చూసినవా," అన్నాడు నాతో. "రేపు తెలంగాణ వస్తది. అప్పుడు గీ సారే మా పిల్లల మొఖం మీద అంటడు, మీ నాయిన ఎన్నడన్న వచ్చిండా అని. నేనేం జెప్పాలె?"

ఆయనకు కావలసింది అంతే. ఉద్యమంలో తానున్నట్టు, ముఖం ఆనవాలు పట్టేటట్టు, ఒక్క ఫోటో. మరునాడే హైదరాబాదు పోయి మెడలో వేసుకునే పెద్ద కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టాడు. నాకు కెమెరా గురించి ఏమీ తెలియదు. చక్కెర పొట్లం కట్టే చెయ్యి కుదురుగా ఉంటుందని ఆయన లెక్క.

ముందు కవరు సంగతి చూడాలి కదా. స్టేషను దగ్గరి ఫోటో స్టూడియోకు పోయాం. స్టూడియో ఆయన ఒక గుండ్రటి అద్దం తీసి చూపించాడు. "లెన్సుకు గీత పడ్డదంటే ఇగ ఖరాబే షావుకారీ. గీ ఫిల్టర్ ముందర బిగిస్తే దెబ్బ దీనికి తాకుతది, లెన్సు సల్లగుంటది."

బావ ఆ అద్దాన్ని వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి, నకిలీ పసుపును పరీక్ష చేసినట్టు చూశాడు. "మరి గీ అద్దానికి గీత పడితే?"

స్టూడియో ఆయన ఎన్నో ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నవాడు. ఈ ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు. కాసేపు ఆలోచించి, "దీని ముందర ఇంకోటి బిగించుకోవచ్చు," అన్నాడు.

"గట్ల చెప్పు మరి," అన్నాడు బావ, మనసు కుదుటపడి.

నాకు ఒళ్ళు మండి, "రెండోదానికి గీత పడితే?" అన్నాను. వేళాకోళానికే అన్నాను. బావ మాత్రం నన్ను మెచ్చుకోలుగా చూసి, స్టూడియో ఆయన వైపు తిరిగాడు. ఆయన గబగబా చెప్పేశాడు, మూడోది పెడితే ఫోటో మూలలు నల్లగా వస్తాయని. లేకపోతే నాలుగో అయిదో పెట్టుకుని వచ్చేవాళ్ళం. రెండింటితో బయటపడ్డాం.

అప్పటి నుంచి బావ దినచర్యలో ఇంకో పని చేరింది. పొద్దున దుకాణం తీయగానే తరాజు పళ్ళేలు తుడిచే గుడ్డ ఒకటుండేది. అదే గుడ్డతో కెమెరా అద్దం కూడా తుడిచేవాడు. ఆ గుడ్డకు పల్లి నూనె, బెల్లం, ఇంగువ అన్నీ తెలుసు. తుడిచాక అద్దం ముందు కంటే మెరిసేది. నూనె మెరుపని నాకు అప్పుడు తెలియలేదు.

చౌరస్తాలో దీక్షల టెంటు ఉండేది. రోజుకొక వృత్తి వాళ్ళు అందులో కూర్చుని నిరాహార దీక్ష చేసేవాళ్ళు. కిరాణా వర్తకుల వంతు వచ్చింది. బావ తెల్లచొక్కా వేసుకుని, మెడలో బంతిపూల దండతో, నడుం నొప్పి మనిషి గనక ఎడమ చివరి గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. కుడివైపు టెంటు గుడ్డ పక్కకు తొలగి, పైనుంచి ఎండ లోపలికి కొడుతోంది. నేను ఎదురుగా నిలబడి వరస అంతా పట్టేటట్టు తీశాను. నిలబడి తీశాను, కూర్చుని తీశాను, బల్లెక్కి తీశాను.

ఇంటికొచ్చి చూసుకుంటే అందరికీ ముఖాలున్నాయి. పప్పుల దుకాణం ఆయన ఆవులింత కూడా స్పష్టంగా పడింది. మా బావ మాత్రం మెడ దాకా మనిషి, ఆ పైన గుండ్రటి తెల్లని వెలుగు. తీసిన ప్రతి ఫోటోలోనూ అదే. ఎండ ఒక మూల నుంచి పడితే, అది ఆ అద్దాల నడుమ కొట్టుకుని కొట్టుకుని సరిగ్గా దానికి ఎదురు మూలన తేలుతుందని నేను చాలా ఏళ్ళ తర్వాత తెలుసుకున్నాను. ఆ ఎదురు మూలన మా బావ తలకాయ ఉంది.

అక్క చాలాసేపు చూసింది. "దేవుని పటంల తలకాయ ఎనుక వెలుగుంటది కద, గట్ల వచ్చిండు," అంది.

"దేవునికి వెలుగుతోని మొఖం గూడ ఉంటదే," అన్నాడు బావ దిగులుగా.

మరునాడు ఆ ఫోటో ప్రింటు తీయించి బల్ల మీద సారు ముందు పెట్టాడు. ఇదిగో చూడు, షావుకార్లు వచ్చారా రాలేదా అన్నట్టు. సారు కళ్ళజోడు సవరించుకుని వరసలో ఒక్కొక్కరినీ చూసుకుంటూ ఎడమ చివరకు వచ్చాడు. "అందరు వచ్చిండ్రు గని, గీ సివరకు కూసున్న బల్బు ఎవరయ్యా?" అన్నాడు. ఆ రోజంతా బావ తూకాలు తప్పు వేశాడు.

అద్దాల మీద అనుమానం కొద్దీ, ఒక అద్దమైనా తీసేద్దామని నేనన్నాను. "ఫోటో తీసుడు రాక అద్దం మీద నెట్టకు," అన్నాడు బావ.

ఇంతలో సకల జనుల సమ్మె మొదలయింది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి, బొగ్గు బావులు ఆగాయి. నెల్లికుదురులో రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. బావకు మేనమామ ఊరది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే అందరూ కూర్చుని తినడం. బండ్లు ఆపినట్టూ అవుతుంది, కడుపు నిండినట్టూ అవుతుంది. బావ స్కూటరు మీద ముందర పప్పు సంచి, వెనక నేను, నా మెడలో కెమెరా. బస్సులు లేని రోడ్డు మీద పోతుంటే ఊళ్ళన్నీ పండగకు ముస్తాబైనట్టు కనపడ్డాయి.

అక్కడ బావకు పప్పుచారు గుండిగ అప్పజెప్పారు. పెద్ద గంటె పట్టుకుని, గులాబీ కండువా నడుముకు బిగించి, గుండిగలో కలియబెడుతూ ఆయన నావైపు చూశాడు. ఇప్పుడు తీయి అన్నట్టు. మంచి సందర్భమే. వెనక జనం, ముందర పొయ్యి, చేతిలో గంటె. నేను దగ్గరికి పోయి కెమెరా ఎత్తాను. ఏమీ కనపడలేదు. ఆవిరి పట్టిందనుకుని అంగీ కొసతో తుడిచాను. అయినా కనపడలేదు. మళ్ళీ తుడిచాను. అప్పుడు అర్థమైంది, ఆవిరి పై అద్దం మీద లేదు. రెండద్దాల నడుమకు దూరి కూర్చుంది.

విప్పి తుడవాలి. తిప్పితే రాలేదు. నూనె గుడ్డ పుణ్యమా అని, లోపల దుమ్మూ జిడ్డూ కలిసి గట్టిపడి, ఆ రెండు రింగులూ ఒకదానికొకటి కరుచుకుపోయాయి. నేను పళ్ళు బిగించి తిప్పుతుంటే చుట్టూ జనం చేరారు. సమ్మెలో ఉన్న ఒక బస్సు డ్రైవరు, ఆ ఊరి మనిషే, జనగామ డిపోలో పనిచేసేవాడు, అందరినీ పక్కకు జరిపి ముందుకొచ్చాడు.

"ఇటియ్యి తమ్మీ. ఇన్నేండ్ల సంది స్టీరింగ్ తిప్పుతున్న. గిదెంత?"

అది చాలానే ఉందని కాసేపటికే తెలిసింది. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. "ఎటు తిప్పాలె?" అని అడిగాడు. సగం మంది ఎడమకన్నారు, సగం మంది కుడికన్నారు. రెండు పక్షాలూ వాదనకు దిగాయి. అప్పటిదాకా రోడ్డు మీద నినాదాలిస్తున్న వాళ్ళు కూడా నినాదాలు ఆపి ఇటు వచ్చారు. ఒకావిడ తాలింపు నూనె రెండు చుక్కలు వేస్తే వదులవుతుందంది. వద్దనే లోపల వేసింది కూడా. ఆ నూనె అద్దం మీద పరుచుకుంది. డ్రైవరు చెయ్యి జారింది. ఒకాయన చెప్పు విప్పి రబ్బరు అడుగు వత్తి తిప్పమన్నాడు. పొగలోంచి గంటె ఊపుతూ బావ జాగ్రత్త చెబుతూ అరుస్తున్నాడు, "లెన్సు పైలం, లెన్సు పైలం" అని. చారు అడుగంటుతోందని ఎవరో గుర్తు చేశారు.

రింగులు రాలేదు. ఆ మబ్బులోంచే తీశాను. ఫోటోలో గుండిగ ఉన్నట్టు తెలుస్తుంది. గులాబీ రంగేదో కదిలినట్టుంటుంది. గంటె ఒక్కటే బాగా పడింది. ఆ గంటెను పట్టుకున్నది మా బావేనని ప్రమాణం చేసి చెప్పవచ్చు గాని, చూపించలేం. అయినా చారు బాగుంది. చింతపండు కొంచెం ఎక్కువైంది.

దసరా వచ్చింది. సమ్మె సాగుతూనే ఉంది. ఆయుధపూజ నాడు బావ దుకాణంలో తరాజు, రాళ్ళు, కత్తెర, బెల్లం కొట్టే సుత్తి, స్కూటరు తాళంచెవి వరసగా పెట్టి, వాటి పక్కన కెమెరా కూడా పెట్టాడు. న్యాయమే. అది కూడా పని చేసే వస్తువే కదా. అక్క పసుపు కుంకుమ గిన్నెలతో అన్నిటికీ బొట్లు పెట్టుకుంటూ వచ్చి కెమెరా దగ్గర ఆగింది. "దీనికేడ పెట్టాలె?"

"బండికి ముందర పెడుతం కద. దీనికి గూడ ముందరనే పెట్టు," అన్నాడు బావ.

నేను లోపల కొబ్బరికాయలు కడుగుతున్నాను. బయటికి వచ్చేసరికి అద్దం నట్టనడుమ పసుపు, దాని మీద కుంకుమ. నిండుగా, తడిగా, చక్కగా గుండ్రంగా. నేను నోరు తెరిచేలోపే బావ సర్దిచెప్పాడు, "లెన్సుకు పెట్టలే. అద్దానికి పెట్టినం. అందుకే గద అద్దముండుడు."

నేను గుడ్డ అందుకున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆమె అంత కోపంగా మాట్లాడడం నేను అరుదుగా చూశాను. "బొట్టు తుడుస్తరారా ఎవలన్న? పండుగ పూట, ఇంట్ల ఆడిదాన్ని నేను నిలవడి ఉండంగ? దానంతట అది రాలాలె. చేతితోని ముట్టినవనుకో, అన్నం బెట్ట."

గుడ్డ కింద పెట్టేశాను. స్కూటరుకు పెట్టిన బొట్టు వానకు పోతుంది, తరాజుది వాడకానికి పోతుంది. ఈ కెమెరా బొట్టు ఎట్లా పోతుంది? బావ దాన్ని పోనిచ్చే మనిషి కాదు. దాని మీద దుమ్ము పడకుండా చక్కెర సంచి తొడిగాడు. అటుపైన నేను ఎవరిని తీసినా నడుమ ఎర్రటి మసక ఒకటి వచ్చేది. ఊరేగింపులన్నీ పొద్దుగూకేటప్పుడు జరిగినట్టుండేవి.

దసరా తర్వాత వర్తకులంతా కలిసి తలా ఒక బియ్యం బస్తా వేశారు. భూపాలపల్లి బొగ్గు బావుల్లో సమ్మె చేస్తున్న వాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలగడం కష్టంగా ఉందని కబురు వచ్చింది. ఆ మాట మొదట ఎత్తింది బావే. ఎప్పుడూ చివరన కూర్చునే మనిషి, ఆ రోజు అందరి దుకాణాలకూ తానే తిరిగి బస్తాలు పోగు చేశాడు. ట్రాలీ ఆటోలో బస్తాల మీద కూర్చుని హన్మకొండ, పరకాల మీదుగా పోయాం. ఈసారి ఫోటో వస్తుందని ఇద్దరికీ నమ్మకం. చెల్పూరు దగ్గర కరెంటు కేంద్రం పొగగొట్టం దూరం నుంచే కనపడింది. దాన్ని వెనక పెట్టి, బస్తా మోస్తూ నిలబడితే ఇక ఎవడూ కాదనలేడని బావ దారి పొడుగునా చెప్పాడు.

చెల్పూరులో రోడ్డు పక్కన టెంటు. బావుల కార్మికులు, కరెంటు పనివాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు. మమ్మల్ని చూసి డప్పులు కొట్టారు. గులాల్ చల్లారు. బావ నడుం నొప్పి మరిచిపోయి మొదటి బస్తా తానే భుజానికెత్తుకున్నాడు. వెనక పొగగొట్టం, పక్కన జనం, భుజాన బస్తా. "తియ్యి," అన్నాడు.

అంతా పట్టాలని నేను వెనక్కి జరిగాను. ఇంకా జరిగాను. కిందికి దించిన బస్తా ఒకటి నా కాళ్ళకు తగిలింది. నేను దాని మీద వెల్లకిలా పడ్డాను. కెమెరా నా చేతిలోంచి ఎగిరి, ముఖం రోడ్డుకు కొట్టుకునేటట్టు పడింది. టప్పుమన్న చప్పుడు డప్పుల్లో కూడా వినపడింది.

బావ బస్తా అక్కడే దించేసి ఉరికొచ్చాడు. నా మీదికి వంగుతాడనుకున్నాను. కెమెరా మీదికి వంగాడు. దాన్ని పసిపిల్లను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి తిప్పి చూశాడు. పై అద్దం ముక్కలు. రెండో అద్దం ముక్కలు. వాటి వెనక లెన్సు, ఒక్క గీత లేకుండా నిగనిగలాడుతోంది.

బావ కెమెరా నా ఒళ్ళో పెట్టి, నిటారుగా లేచి, పిడికిలి ఆకాశానికెత్తి, "నేను జెప్పలే?" అని గొంతు చించుకుని అరిచాడు. వెనకనున్న వాళ్ళకు మాట వినపడలేదు, పిడికిలి కనపడింది. అందరూ ఒక్క గొంతుతో "జై తెలంగాణ" అన్నారు. బావ మళ్ళీ, "అద్దం లేకుంటే ఏమైతుండె?" అన్నాడు. "జై తెలంగాణ" అన్నారు జనం. డప్పులవాళ్ళు అందుకున్నారు. కాసేపు ఆ నినాదం ఆగలేదు.

నేను కిందనే కూర్చుని, రింగుల్లో మిగిలిన అద్దం ముక్కల్ని, బావ భుజం మీంచి జారిపడ్డ కండువా కొసతో రాల్చాను. పసుపు కుంకుమ ముక్కలతో పాటే రాలింది. దానంతట అదే రాలాలని అక్క అంది కదా, అట్లాగే అయింది. బావ వచ్చి నా పక్కన గొంతుకూర్చుని ఆ ముక్కల్ని ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. కార్మికుల కాళ్ళకు గుచ్చుకుంటాయని ఏరుతున్నాడని అర్థమైంది. తల ఎత్తి నన్ను చూసి నవ్వాడు. మీసాల మీద బియ్యపు పిండి, బుగ్గన గులాల్, కంట్లో నీళ్ళు. నేను ఆలోచించకుండా కెమెరా ఎత్తి నొక్కాను.

ఆ కెమెరాతో నేను తీసిన మొదటి అసలైన ఫోటో అది. ప్రతి వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు. ఆ చిన్న తెర మీద మా బావ ముఖం చూసి నాకు దుఃఖం ఆగలేదు. నెల రోజులుగా మూడు ఊళ్ళ రోడ్ల మీద ఆయన్ను తీస్తున్నాను గాని, ఆయన్ను చూడలేదు. చూశానని అనుకున్నాను.

ఇంటికొచ్చి ప్రింటు తీయించాక తెలిసింది. కింద కూర్చుని తీశాను గనక, బావ వెనక ఉన్నది ట్రాలీ ఆటో మీద కప్పే నీలం తాటిపత్రి ఒక్కటే. పొగగొట్టం లేదు. జనం లేరు. టెంటు లేదు. ఆయన కండువా కూడా నా చేతిలో ఉండిపోయింది. సారు చూసి, "మొఖమైతే మంచిగ వచ్చింది. ఎవలిదన్న లగ్గం సామాన్ దింపేటప్పుడు తీసిండ్రా?" అన్నాడు. బావ ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి, ఫ్రేముకు పాలిథిన్ కవరేసి, దుకాణంలో గల్లాపెట్టె పైన తగిలించాడు. మళ్ళీ ఎన్నడూ నన్ను ఫోటో తీయమని అడగలేదు. కెమెరా నాకే ఉంచుకోమన్నాడు. నాకు ఇన్నేళ్ళూ తిండి పెడుతున్నది ఆ కెమెరాయే, దాని వెనక నేర్చుకున్న పనే.

తెలంగాణ వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు నేను అక్కను చూద్దామని జనగామ పోయి, ఒక పొద్దున దుకాణంలో కూర్చున్నాను. బల్ల మీద సారు ఉన్నాడు. ముసలితనం వచ్చింది, నోరు మాత్రం అట్లాగే ఉంది. పేపరు మడుస్తూ, "ఇప్పుడు ఎవల్ని జూసినా ఉద్యమకారుడే. అప్పుడు మీ షావుకార్లు ఏడున్నరో నాకెరుక లేదా," అన్నాడు. బావ పెసరపప్పు తూకం వేస్తున్నాడు. పళ్ళెం కేసే చూస్తూ ఉండిపోయాడు. ఒకప్పుడైతే గోడ మీది ఫోటో వైపు చూపించేవాడు. ఆ అలవాటు కూడా మానేశాడు. వాళ్ళ పెద్దబ్బాయి పక్కనే నిలబడి ఉన్నాడు. బావ భయపడిన మాట, భయపడినట్టే, పిల్లవాడి ముందే వచ్చింది. నాకు చెయ్యెత్తాలన్నంత కోపం వచ్చింది.

బెల్లం కోసం వచ్చిన ఒక మనిషి బేరం ఆపి బావ ముఖంలోకి చూశాడు. ఖాకీ చొక్కా, నెరిసిన జుట్టు. చాలాసేపు చూశాడు.

"నువ్వు అద్దాల షావుకారివి గాదె?" అన్నాడు.

బావకు అర్థం కాలేదు. నాకు ముందు అర్థమైంది. నెల్లికుదురు డ్రైవరు.

"మా ఊరి వంటావార్పుల పప్పుచారు నువ్వే గద చేసింది? గీ తమ్మి కెమెరా అద్దం రాకపోతే నేను తిప్పి తిప్పి మూడొద్దులు గిలాస పట్టలేకపోయిన. మా ఊర్ల ఇప్పటికి చెప్పుకుంటరు. ఆనాడు ఎవలెవలు మాట్లాడిండ్రో యాదికి లేదు గని, గంటె పట్టుకొని లెన్సు పైలమని ఒర్లిన షావుకారి అందరికి యాదికున్నడు." తర్వాత సారు వైపు తిరిగాడు. సారు అన్న మాటలు డ్రైవరు విన్నాడని అప్పుడు తెలిసింది. "ఏడున్నరంటవేంది సారూ? గీయిన ఒండింది నేను తిన్న. చింతపండు జర ఎక్కువేసిండు."

సారు పేపరు వైపు చూశాడు, మా వైపు చూశాడు.

బావ గల్లాపెట్టె సొరుగు లాగి, అడుగున చెయ్యి పెట్టి, రబ్బరు బ్యాండు వేసిన పాలిథిన్ పొట్లం ఒకటి తీశాడు. విప్పితే అవే రింగులు. చెల్పూరు నుంచి వచ్చాక స్టూడియో ఆయన పట్టకారతో లెన్సు మీది నుంచి ఊడదీశాడు గాని, ఒకదాన్నుంచి ఒకటి ఆయనకూ రాలేదు. వాటిని బావ దాచుకున్నాడని నాకు తెలియదు. ఒక అంచున ఇంకా కాస్త పసుపుంది.

డ్రైవరు వాటిని అందుకుని, చూసి, అలవాటుగా తిప్పాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"ఇంకా రాలేదా షావుకారీ?"

"రాలె," అన్నాడు బావ. పక్కన నిలబడ్డ కొడుకు భుజం మీద చెయ్యి వేసి ఉంది.

సారు పేపరు పక్కన పెట్టాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి బల్ల మీది నుంచి మెల్లగా లేచి, గల్లాపెట్టె దాకా నడిచి వచ్చి, అరచెయ్యి చాపాడు.

"ఇటియ్యి, నేను జూస్త," అన్నాడు.

బావ ఆ రింగుల్ని ఆయన చేతిలో పెట్టి, "పైలం సారూ," అన్నాడు.